వడపోత వాకిట్లోనా, లోపలింట్లోనా?

అవధానమనే మాట తెలుగువారికి కొత్త కాదు. అష్టావధానంలో పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అడుగుతుండగా, మధ్యమధ్య ఒకరు గంట కొడుతుంటారు. పద్యం నడుపుతూనే అవధాని ఆ గంటలెన్నో చివర చెప్పాలి. చెవిన పడినదానిలో ఎంతవరకు మనసుకు చేరుతుంది? ఈ ప్రశ్నపై ఆధునిక పరిశోధన ఊపందుకున్నది కవిసభలలో కాదు, రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక, విమానాల రాకపోకలను నడిపించే గదులను గురించిన ఆలోచనలలో. ఒకే లౌడ్‌స్పీకరులో పలువురు పైలట్ల గొంతులు కలగాపులగంగా వినిపిస్తుంటే ఏ గొంతును పట్టుకోవాలి? పొరపడితే పోయేవి ప్రాణాలు.

1953లో కోలిన్ చెర్రీ ఒక్కొక్క చెవికి ఒక్కొక్క ప్రసంగం వినిపించి, ఒకదానిని వెంటవెంటనే పైకి వల్లించమన్నాడు. రెండవ చెవిలో మగగొంతు ఆడగొంతుగా మారితే పోల్చుకున్నారు. ఇంగ్లీషు కాస్తా జర్మనుగా మారితే పోల్చుకోలేదు! నాదం చేరింది, అర్థం చేరలేదు.

బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి వచ్చిన డొనాల్డ్ బ్రాడ్‌బెంట్ 1958లో దీనికొక సిద్ధాంతం కట్టాడు. గొంతు, దిక్కు వంటి బాహ్యలక్షణాలను బట్టి ఒక జల్లెడ ముందే ఏరివేస్తుంది. అర్థం తెలిసే గదికి దారి ఒక్కటే, అదీ ఇరుకు. ఇదే తొలిదశ ఎంపికవాదం. బ్రాడ్‌బెంట్‌పై నాకు ప్రత్యేకమైన గౌరవం. తప్పని నిరూపించడానికి వీలైనంత స్పష్టంగా చెప్పిన మనిషి.

ఆ పని మరుసటి ఏడే మొదలైంది. 1959లో నెవిల్ మొరే, వల్లించని చెవిలో 35 సార్లు వినిపించిన మాటలు కూడా ఎవరికీ గుర్తుండలేదని చూపాడు. సొంత పేరు పలికినపుడు మాత్రం దాదాపు మూడోవంతు సందర్భాలలో వినిపించింది. జల్లెడకు అర్థం తెలియనప్పుడు పేరు ఎలా దూరింది? అన్నింటి అర్థమూ లోపల తెలుస్తూనే ఉంటుంది, ఎంపిక ఆ తరువాతనే అని 1963లో డాయిష్ దంపతులు వాదించారు. ఆన్ ట్రైస్‌మన్ మధ్యేమార్గం చూపింది: జల్లెడ తలుపు మూయదు, ధ్వనిని తగ్గిస్తుందంతే, సొంత పేరు వంటి మాటకు ఆ కాస్త చాలు. నాకు ఇదే సబబనిపిస్తుంది.

మాటలతో తేలని తగవు విద్యుత్తు దాకా వెళ్ళింది. 1956లోనే హెర్నాండెజ్ పియోన్ బృందం, సీసాలోని ఎలుకలను పిల్లి చూస్తున్నపుడు టిక్కుమనే శబ్దాలకు దాని శ్రవణమార్గపు తొలి మజిలీలోనే స్పందన తగ్గిందని ప్రకటించింది. తల తిప్పడం వల్ల, మధ్యచెవి కండరాల వల్ల చెవికి చేరే శబ్దమే మారి ఉండవచ్చుగదా అని విమర్శకులు పట్టుకున్నారు. ఆ లోపానికి తావులేకుండా 1973లో స్టీవెన్ హిల్‌యార్డ్ బృందం మనుషుల రెండు చెవులకూ వేర్వేరు స్వరాలను వడివడిగా వినిపించింది. శ్రద్ధ పెట్టిన చెవిలోని స్వరాలకు మెదడు తరంగం 80-110 మిల్లీసెకన్లలోనే పెద్దదైంది. అంటే సెకనులో పదోవంతు గడిచేసరికే వివక్ష మొదలైపోయిందన్నమాట. 2008లో కోతులపై చేసిన పరిశోధనలో, కంటి సమాచారం మస్తిష్క వల్కలాన్ని చేరకముందే, దారిలోని థలామస్ వద్దనే ఈ తేడా కనిపించింది.