తిరువళ్లూరు కోనేరు: నీళ్లను నమ్ముకుని పెరిగిన ఊరు

తై అమావాస్య, అంటే మన పంచాంగం ప్రకారం పుష్య అమావాస్య, దగ్గర పడుతోంది. అందుకని ఈసారి తిరువళ్లూరు కోనేటి గురించి రాస్తున్నాము. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

ఇంగ్లండులో బాత్ అని ఒక ఊరుంది. అక్కడ భూమిలోంచి ఖనిజాలు కలిసిన వేడినీళ్లు ఊరతాయి. రోమన్ల కాలం నుంచి రోగాలు తగ్గుతాయని జనం పోయి స్నానం చేసేవాళ్లు. వచ్చినవాళ్లు ఉండేదానికి ఇళ్లు, ఆ ఇళ్ల పక్కన అంగళ్లు, అట్లా ఊరు పెరిగింది. 1840లో రైలూ వచ్చింది. మన తిరువళ్లూరులో ఉండేది వేడినీళ్ల ఊట కాదు, గుడి కోనేరు. అయినా ఊరు పెరిగిన దారి అదే.

కోనేరు పేరు హృత్తాపనాశిని, అంటే గుండెలోని తాపాన్ని పోగొట్టేది. స్వామి వైద్య వీరరాఘవుడు, అమ్మవారు కనకవల్లి. 108 దివ్యదేశాల్లో ఇది ఒకటి. గుడిని చూసుకునేది అహోబిల మఠం. అహోబిలం ఎక్కడ, తిరువళ్లూరు ఎక్కడ!

స్థలపురాణం చాలామందికి తెలిసిందే. శాలిహోత్ర ముని ఏడాది ఉపవాసం ఉండి, తై అమావాస్య నాడు అతిథి కోసం కాచుకున్నాడు. ఒక ముసలాయన వచ్చి, ముని తనకని ఉంచుకున్న భాగం కూడా తినేసి, పడుకునేదానికి చోటు ఎక్కడ అని అడిగాడు. ముని తన గుడిసె చూపించాడు. పడుకున్నది సాక్షాత్తు స్వామి. మేము చదివింది తమిళ మీడియం కాబట్టి ఆ ప్రశ్న మాకు సులభంగా అర్థమవుతుంది: 'ఎవ్వుళ్', ఏ చోటు అని. దాంతోనే తిరు ఎవ్వుళ్ అనే పేరు వచ్చిందంటారు. అంటే ఈ ఊరి పేరులోనే, వచ్చినవాడికి చోటిచ్చే మాట ఉంది.

అమావాస్య ముందురోజు సాయంత్రమే జనం చేరుకుంటారు. గుడి దగ్గరే పడుకుని, తెల్లవారి స్నానం చేసి, కోనేట్లో బెల్లం, పాలు వేస్తారు. బెల్లం కరిగినట్టు రోగం కరగాలని మొక్కు. పులిపిరులకి ఉప్పు, మిరియాలు సమర్పిస్తారు. నొప్పి ఉన్న అవయవాన్ని రేకు బొమ్మగా కొని హుండీలో వేస్తారు.

మా రైల్వే మాట చెప్పకుండా ఉండలేము. 1856లో దక్షిణాదిలో మొదటిసారి రాయపురం నుంచి రైళ్లు బయలుదేరిన రోజు, ఒక బండి ఆర్కాటు వైపు పోయింది, ఇంకొకటి తిరువళ్లూరు దాకా వచ్చింది. 1979లో కరెంటు రైళ్లు వచ్చాయి. అమావాస్య రోజుల్లో టికెట్ కౌంటరు ముందు వరుస ఎంత పొడుగు ఉండేదో మాకు బాగా తెలుసు. ఆ వరుసలో సగం తెలుగు మాటలే వినబడేవి.

1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది, సత్యవేడు అటు పోయింది. బంధువులు రెండు రాష్ట్రాల వాళ్లయ్యారు. కానీ నగరి, పుత్తూరు, సత్యవేడు వాళ్లు అమావాస్యకి రావడం మానలేదు. తిరుత్తణి శరవణ పొయిగైకి ఆడికృత్తికకి కావడితో వచ్చేవాళ్లూ అంతే.

ఇప్పుడు అసలు విషయం. బాత్‌లో 1978లో నీళ్లలోని ఒక సూక్ష్మజీవి వల్ల ఒక అమ్మాయి చనిపోయింది. వెంటనే స్నానాలు ఆపేశారు. జనం మళ్లీ ఆ నీళ్లలో దిగింది 2006లో. రెండు వేల ఏళ్ల పేరున్న ఊరు ఇరవై ఎనిమిదేళ్లు కాచుకోవలసి వచ్చింది. మన కోనేట్లో వేల మంది ఒకే పొద్దు బెల్లం, పాలు వేస్తే నీళ్లు ఏమవుతాయో వేరే చెప్పక్కర్లేదు. కవర్లు కూడా తేలితే ఇంకా అన్యాయం. రోగం పోవాలని వచ్చినవాడికి రోగం అంటించి పంపితే, శాలిహోత్రుడి ఊరికి ఏం మర్యాద?

మొక్కు మానమని మేము చెప్పడం లేదు. ఈ అమావాస్యకి పోయేవాళ్లు గోలీ అంత బెల్లం వేయండి, చాలు. పాలు బయట పిల్లలకి ఇవ్వండి. కవరు ఇంటికి తెచ్చేయండి. మీ తాత, అవ్వ ఏ సత్రంలో దిగేవాళ్లో, ఏ నొప్పికి మొక్కుకున్నారో గుర్తుంటే కింద రాయండి. సంఘం పుస్తకంలో ఎక్కించి పెడతాము. అవి తెలిసిన పెద్దవాళ్లు మనలో ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.