సంచిలో రెండు రాళ్లు

కూరగాయల బండి దగ్గరైనా, చేపల గంప దగ్గరైనా, కిరాణా కొట్లోనైనా రోజుకొకసారి మన కళ్లు కాటా మీద పడతాయి. తక్కెడ అయితే ముల్లు నిలిచిందా అని చూస్తాం. ఎలక్ట్రానిక్ కాటా అయితే సరుకు పెట్టకముందు సున్నా చూపిస్తోందా అని చూస్తాం. ఇంత జాగ్రత్తగా చూసే మనం, బైబిలు ఈ తూకం గురించి ఎన్నిసార్లు మాట్లాడిందో మాత్రం అంతగా గమనించం. ధర్మశాస్త్రంలో ఉంది, సామెతల్లో నాలుగు చోట్ల ఉంది, ప్రవక్తల గ్రంథాల్లో ఉంది.

హెబ్రీ భాషలో తూకపు గుండుకు వాడిన మాట ‘ఏబెన్’. దాని అర్థం రాయి. మన పెద్దలు ‘పడికట్టు రాయి’ అన్నట్టే. రాజుల కాలంలో కూడా ఇశ్రాయేలులో నాణేల వాడుక లేదు, వెండిని తూచే ఇచ్చేవారు. అబ్రాహాము మక్పేలా పొలానికి నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చాడని ఆదికాండము 23:16లో చదువుతాం. అందుకే వర్తకుడు రాళ్ల సంచి వెంట పెట్టుకునేవాడు. యూదా దేశపు తవ్వకాల్లో అలాంటి సున్నపురాతి గుండ్లు చాలా దొరికాయి. అడుగు చదునుగా, పైభాగం గుండ్రంగా ఉంటాయి. ఒక షెకెలు రాయి సుమారు 11 గ్రాములు. కొన్ని చిన్న రాళ్ల మీద ‘పీమ్’ అని చెక్కి ఉంది, అవి షెకెలులో దాదాపు మూడింట రెండు వంతులు తూగుతాయి. 1 సమూయేలు 13:21లో ఈ మాటే ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదకులు దాన్ని ఆకురాయి అనుకున్నారు. ఈ రాళ్లు దొరికాక తెలిసింది, అది ఫిలిష్తీయులు నాగటి కర్రులకు పదును పెట్టినందుకు తీసుకున్న కూలి అని.

ద్వితీయోపదేశకాండము 25:13 నిషేధించింది ఆ సంచిలో ‘రాయి, రాయి’ రెండూ ఉంచుకోవడాన్ని. హెబ్రీలో అక్షరాలా అలాగే ఉంది. రెండు రాళ్లు ఎందుకంటే ఒకటి పుచ్చుకోవడానికి, ఇంకొకటి ఇవ్వడానికి. ఆమోసు 8:5లోని వర్తకులు ధాన్యం కొలిచి ఇచ్చే ఏఫాను చిన్నది చేశారు, వెండి తూచి పుచ్చుకునే రాయిని బరువు చేశారు. బీదవాడు ఒకే బేరంలో రెండుసార్లు మోసపోయాడు. అది చాలనట్టు తర్వాతి వచనంలో గోధుమల బదులు తాలు కూడా అమ్మారు. గమనించండి, వీళ్లు ఆరాధన మానేసినవాళ్లు కారు. విశ్రాంతిదినాన కొట్టు మూసే ఉంచారు. అది ఎప్పుడు గడుస్తుందా అని ఎదురుచూశారంతే.

త్రాసు మీద ప్రసంగం విన్నప్పుడల్లా నాకొక ఇబ్బంది. మనం తొందరగా బెల్షస్సరు గోడ దగ్గరికి, ‘టెకేల్’ దగ్గరికి వెళ్లిపోతాం. షెకెలు, టెకేల్ ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. ఆ రాజును దేవుడు తూచాడు, తక్కువయ్యాడు. ఇది సత్యమే. కానీ ఆత్మీయార్థం వెదికే తొందరలో నిజమైన రాయిని దాటిపోతే మనకది సుఖంగా ఉంటుంది. మీకా 6:8ని గోడ క్యాలెండర్ మీద వేసుకుంటాం. న్యాయంగా నడవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనస్సు. మూడు వచనాలు దిగితే 11వ వచనంలో తప్పుత్రాసు, మోసపు రాళ్ల సంచి కనబడతాయి. ఆ వచనంతో క్యాలెండర్ నేనింకా చూడలేదు.

ఇప్పుడు మన పత్తి చేలోకి రండి. పత్తి తీసే కూలి చాలాచోట్ల కిలో లెక్కన ఇస్తారు. రైతు తన పత్తిని అమ్మకానికి తీసుకెళితే తేమ ఉందని, తరుగు అని అక్కడ కోత పెడతారు. ఆ బాధ చిన్నది కాదు, దాని గురించి రైతు ప్రార్థన కూడా చేస్తాడు. అదే రైతు సాయంత్రం గట్టు మీద కాటా వేలాడదీసి, పొద్దున్నుంచి నడుం వంచి తీసిన అమ్మ మూటలో తానూ తరుగు తీస్తే? సంచిలో రెండో రాయి అంటే అదే. లేవీయకాండము 19:36 సరియైన రాళ్లు ఉండాలని చెప్పిన వెంటనే, ఐగుప్తులోనుంచి మిమ్మును రప్పించిన దేవుణ్ణి నేనే అని ఆయన గుర్తు చేస్తాడు. దోపిడీ ఎలా ఉంటుందో మీరు ఎరుగుదురు కదా అన్నట్టుంటుంది ఆ మాట.

కానుకల వేళ మనం తరచుగా చదువుకునే లూకా 6:38 కూడా కొలత మాటే. ధాన్యం కొలవడం చూసినవాళ్లకు అది వివరించనక్కరలేదు. కళ్లంలో మన పెద్దలు ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి కుంచంతో కొలిచేవారు. అణిచి, కుదిపి, పొర్లేలా పోస్తే అది మంచి కొలత. బజార్లో కొసరు కోసం పట్టుబట్టేది కొనేవాడు. ప్రభువు చెప్పిన కొలతలో మాత్రం ఇచ్చేవాడే కొసరు వేస్తాడు. ఇంకో సంగతి, దానికి ముందున్న 37వ వచనం డబ్బు గురించి కాదు, తీర్పు తీర్చకపోవడం గురించి, క్షమించడం గురించి. మన అబ్బాయి తప్పు చేస్తే చిన్నతనం అంటాం. సంఘంలో ఇంకొకరి అబ్బాయి అదే చేస్తే పెంపకం అంటాం. ఈ సంచి కొట్టున్నవాళ్ల దగ్గరే ఉంటుందనుకోకండి.

మరి ఇప్పటికే తప్పుగా తూచి ఉంటే? లేవీయకాండము ఆరో అధ్యాయం మొదటి వచనాలు దీనికి లెక్క చెబుతాయి. పొరుగువాణ్ణి మోసం చేసి తీసుకున్న మూలధనానికి అయిదవ వంతు కలిపి, బలి తెచ్చే రోజునే దాన్ని సొంతదారునికి ఇవ్వాలి. పత్తి తీసిన అమ్మకు నూరు రూపాయలు తగ్గించి ఉంటే నూట ఇరవై అవుతుంది. ఆ నూట ఇరవై కానుకల సంచిలో వేసేది కాదు, ఆమె చేతిలో పెట్టేది.