చెవి మిషను కొనే రోజు

ముండ్లమూరులో పొద్దున ఏడు గంటలు. పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. లోపల మోగుతున్న టీవీ వీధి మలుపులోనే మీకు వినిపించింది. మీరు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా కూతురు వంటింట్లోంచి అడుగుతుంది: "నాయనా, సంచి యాడ పెట్టావు?"

"ఆఁ, మంచిదే" అంటాడాయన.

ఆమె నొసలు కొట్టుకుంటుంది. "నాకేం చెవుడు లేదమ్మా, మీరే గొణుగుతారు" అని ఆయన కసురుకుంటాడు. అందులో సగం నిజమేనని ఒంగోలు వెళ్లాక తెలుస్తుంది.

ముందు చెవుల డాక్టరు లైటు వేసి చూసి గులిమి తీస్తాడు. అది అడ్డుపడి వినపడకపోతే మిషనుతో పనే ఉండదు. తర్వాత ఆడియాలజిస్టు గది. దళసరి తలుపు మూసుకోగానే రోడ్డు మోత ఆగిపోతుంది. అద్దం అవతల పెద్దాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చేతిలో బటన్ పట్టుకుని కూర్చున్నాడు. బరువైన శబ్దాలకు చకచకా నొక్కుతున్నాడు. స్వరం సన్నబడేకొద్దీ ఆడియాలజిస్టు శబ్దం పెంచుతూ పోతుంది. ఆయన మొహంలో చలనం లేదు, వేలు కదలదు.

బయటికి వచ్చాక ఆమె ఆడియోగ్రామ్ మీ ముందు పెడుతుంది. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. 500 హెర్ట్జ్ దగ్గర 35 డెసిబెల్స్, 1000 దగ్గర 45, 2000 దగ్గర 60, 4000 దగ్గర 75. గీత దిగువకు జారి, 8000 దగ్గర మాత్రం కొంచెం పైకి లేచింది.

"తాతా, ఏం పని చేసేవారు?"

"చీమకుర్తి క్వారీలోనమ్మా. రాయికి డ్రిల్లు పెట్టేవాణ్ని."

ఆమె 4000 దగ్గరి గుంట మీద వేలు ఆనిస్తుంది. ఏళ్ల తరబడి మోతలో పనిచేసిన చెవి ముందుగా దెబ్బతినేది ఆ చుట్టుపక్కలేనట. అచ్చులకు బలం కింది స్వరాల్లో ఉంటుంది, స, శ, త లాంటి హల్లుల పదును పై స్వరాల్లో ఉంటుంది. అందుకే మనిషి గొంతు ఆయన్ను చేరుతుంది గానీ మాట విడిపడదు. అరిచినా గొంతే పెరుగుతుంది.

పెద్దాయన ఒప్పుకోడు. "2024 డిసెంబరులో మా ముండ్లమూరు, తాళ్లూరు పక్క భూమి కదిలినప్పుడు ఆ మోత ఇంట్లో అందరికన్నా ముందు విన్నది నేనే!"

"వింటారు తాతా. అది బరువైన శబ్దం. మీ మనవరాలి గొంతు సన్నం."

ఆయన మాట్లాడడు.

బల్ల మీద మిషన్లు పరుస్తుంది. ధరలు వేలల్లో మొదలై లక్షలు దాటుతాయి. ఫోనులో హైదరాబాదు నుంచి కొడుకు: "డబ్బుకు చూడొద్దు, బయటికి కనపడనిది తీసుకోండి." ఆమె చెవి లోపల దాగే రకాన్ని, దానికి పట్టే 10 నంబరు బ్యాటరీ బిళ్లను పెద్దాయన చేతిలో పెడుతుంది. మొద్దుబారిన వేళ్లలోంచి బిళ్ల జారి కుర్చీ కిందికి దొర్లిపోతుంది. చెవి వెనక తగిలించే రకంలో 13 నంబరు బిళ్ల కాస్త పెద్దది. దాన్ని రెండోసారికే పెట్టేస్తాడు.

రెండు చెవులకూ తాత్కాలికంగా మిషన్లు తగిలించి, చెవి రంధ్రంలో సన్నటి గొట్టం కూడా పెట్టి, కర్ణభేరి దగ్గరికి ఎంత శబ్దం చేరుతోందో కంప్యూటర్లో కొలుస్తుంది. "పదండి రోడ్డు మీదికి" అంటుంది. మీరూ వెంట నడుస్తారు. ఆటో హారనుకు పెద్దాయన ఉలిక్కిపడి చెవి మూసుకుంటాడు. తిరిగొచ్చి ఆమె పెద్ద శబ్దాలకు హద్దు తగ్గిస్తుంది. రెండోసారి వెనక నుంచి వచ్చే బండిని, అది ఏ వైపు నుంచి వస్తోందో చెప్పి మరీ తప్పుకుంటాడు. రెండు చెవులకూ ఎందుకు పెట్టాలో మీకు ఇక చెప్పక్కర్లేదు.

డబ్బు మాటకొస్తే కూతురు వైకల్య సర్టిఫికెట్టు సంగతి అడుగుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం నుంచి లెక్కేస్తుంది. ఈయన సగటు 54. అయితే తక్కువ రాబడి ఉన్న వృద్ధులకు వయోశ్రీ పథకం ఉంది. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే మొదలైంది. అందులో ఇచ్చే పరికరాల్లో చెవి మిషను కూడా ఉంది. "క్యాంపులో తీసుకున్నా ఈ కాగితం చూపించి సెట్ చేయించుకోండి. పక్కింటాయన మిషను మాత్రం పెట్టుకోవద్దు" అంటుంది ఆడియాలజిస్టు.

చెవి అచ్చు కోసం చెవిలో మెత్తటి ముద్ద నింపుతుంది. అచ్చు వదులైతే మిషను కూత పెడుతుంది. గాలికి చిన్న బెజ్జం లేకపోతే సొంత గొంతే బానలోంచి మాట్లాడినట్టు మోగుతుంది. స్నానానికి ముందు తీయాలి, రాత్రి తేమ పీల్చే డబ్బాలో పెట్టాలి.

ఫోనులో కొడుకు ఇంకా "కనపడనిదే" అంటున్నాడు. ఈసారి పెద్దాయన దగ్గరికి జరిగి తనే జవాబిస్తాడు:

"పొలంలో పడిపోతే వెతుక్కోను కనపడాలి గదరా! పెద్దదే ఇమ్మన్నా."