తిరిగి రావడానికి ఒక పర్మిట్

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని బలిగొన్న మరునాటి నుంచే పాకిస్తాన్ పౌరులు దేశం విడిచి వెళ్ళాలన్న ఉత్తర్వులు వెలువడడం మొదలైంది. 27వ తేదీ నుంచి వారి వీసాలు చెల్లవని, వైద్యం కోసం వచ్చినవారికి మాత్రం 29 వరకు గడువుందని కేంద్రం ప్రకటించింది. అట్టారీ ద్వారం దగ్గర తల్లి చేతిలో ఒక దేశపు పాస్‌పోర్టు, పిల్లల చేతుల్లో మరో దేశపు పాస్‌పోర్టు ఉన్న కుటుంబాలను ఆ నాలుగు రోజులూ దేశమంతా చూసింది. ఆ ఉత్తర్వులకు ఒక మినహాయింపు ఉంది: దీర్ఘకాలిక వీసా పొందినవారికి రద్దు వర్తించదు. అన్ని తలుపులూ మూసిన ప్రభుత్వం ఈ ఒక్క తలుపును ఎందుకు తెరిచి ఉంచింది? శత్రుదేశంగా భావించే దేశపు పౌరుడు ఏళ్ళ తరబడి మన మధ్య నివసించడానికి అనుమతించే వీసా అసలు ఎలా పుట్టింది? జవాబు కోసం 1948 వేసవి దాకా వెనక్కి వెళ్ళాలి.

దేశ విభజన జరిగిన నాడు రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. ప్రాణభయంతో పారిపోయిన లక్షలాది మందిలో చాలామంది తాము శాశ్వతంగా వెళ్ళిపోతున్నామని అనుకోలేదు. ఇంటికి తాళం వేసి, తాళపుచెవి పొరుగువారికి అప్పగించి వెళ్ళినవారూ ఉన్నారు. 1948 తొలి నెలల్లో పరిస్థితి కొంత చల్లబడగానే, పశ్చిమ పాకిస్తాన్‌కు వెళ్ళిన ముస్లింలలో కొందరు ఢిల్లీకి, సంయుక్త రాష్ట్రాలకు తిరుగుముఖం పట్టారు. కానీ అప్పటికే వారి ఇళ్ళలో పశ్చిమ పంజాబ్ నుంచి సర్వం కోల్పోయి వచ్చిన హిందూ, సిక్కు శరణార్థులు ఉన్నారు. వెళ్ళినవారి ఆస్తులు ‘కాందిశీకుల ఆస్తులు’గా ప్రభుత్వ సంరక్షకుని అధీనంలోకి చేరాయి. యజమాని తిరిగివస్తే ఇల్లు ఎవరిది? ఈ చిక్కుకు ఢిల్లీ కనుగొన్న పరిష్కారం, రాకనే నియంత్రించడం. 1948 జూలై 19న ఆర్డినెన్సు ద్వారా పర్మిట్ విధానం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో పాకిస్తాన్ కూడా అటువంటి విధానాన్నే తెచ్చుకుంది.

పర్మిట్లలో రకాలున్నాయి. బంధువులను చూసి వెళ్ళడానికి తాత్కాలిక పర్మిట్ ఒకటి, స్థిరనివాసానికి తిరిగి రావడానికి మరొకటి. పైకి ఇది పరిపాలనాపరమైన వర్గీకరణగానే కనిపిస్తుంది. కానీ తాత్కాలిక పర్మిట్ మీద సొంత ఊరికి వచ్చినవాడు గడువు దాటగానే నేరస్థుడయ్యాడు. శాశ్వత పర్మిట్ దొరికినవాడు పౌరుడయ్యే దారిలో పడ్డాడు. ఇద్దరూ ఒకే వీధిలో పుట్టినవారు కావచ్చు, ఒకే రైలులో వెళ్ళినవారూ కావచ్చు.

ఈ తేడా మన రాజ్యాంగంలో చేరి ఇప్పటికీ అక్కడే ఉంది. 6వ అధికరణం ప్రకారం పాకిస్తాన్ నుంచి 1948 జూలై 19కి ముందు వచ్చి ఇక్కడే నివాసమున్నవారు, నిర్దేశించిన ఇతర అర్హతలుంటే, పౌరులే. ఆ తేదీన గాని, తరవాత గాని వచ్చినవారు అధికారి ముందు నమోదు కావాలి. 7వ అధికరణం 1947 మార్చి 1 తరవాత పాకిస్తాన్‌కు వలసపోయినవారిని పౌరులుగా పరిగణించదు. అయితే పునరావాసానికో, శాశ్వతంగా తిరిగి రావడానికో పర్మిట్ పొంది వచ్చినవారిని మినహాయిస్తుంది. 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో ఈ మినహాయింపు మీద తీవ్ర వాదోపవాదాలు జరిగాయి. పాకిస్తాన్‌ను ఎంచుకుని వెళ్ళినవారికి మళ్ళీ పౌరసత్వమా అని జస్‌పత్ రాయ్ కపూర్ వంటి సభ్యులు ధ్వజమెత్తారు. ప్రభుత్వమే విచారించి ఇచ్చిన పర్మిట్‌ను ప్రభుత్వమే కాదనడం న్యాయం కాదని సమర్థకులు వాదించారు. నెహ్రూ స్వయంగా ఆ నిబంధనను సమర్థించారు. మినహాయింపు నిలిచింది. ఆనాడు ఇరుపక్షాలూ లేవనెత్తిన వాదాలు నేటి టీవీ చర్చల్లో దాదాపు అవే మాటలతో వినిపించడం కాకతాళీయం కాదు.

పర్మిట్ విధానం పశ్చిమ సరిహద్దుకే పరిమితం. తూర్పు బెంగాల్ వైపు రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. 1950 ఏప్రిల్ 8న కుదిరిన నెహ్రూ-లియాఖత్ ఒప్పందం, ఆ ఏడాది డిసెంబరు 31లోగా తిరిగివచ్చినవారికి తమ స్థిరాస్తులను తిరిగి ఇప్పిస్తామని హామీ ఇచ్చింది. చివరకు 1952 అక్టోబరు 15 నుంచి రెండు సరిహద్దుల్లోనూ పాస్‌పోర్టు, వీసా విధానం అమలైంది. ఆ గడువు ముంచుకొస్తున్నదని తెలిసి తూర్పు బెంగాల్ నుంచి హిందువులు పెద్దఎత్తున తరలివచ్చారు. తలుపు మూస్తామన్న ప్రకటనే అనేకుల చేత నిర్ణయం తీసుకునేలా చేసింది.

తెలుగునేలకు ఈ చరిత్రతో ఉన్న బంధం విచిత్రమైనది. పర్మిట్ ఆర్డినెన్సు వచ్చిన 1948 జూలైలో హైదరాబాద్ సంస్థానం ఇంకా భారత యూనియన్‌లో లేదు. సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన పోలీసు చర్య తరవాత అది యూనియన్‌లో కలిసింది. ఆ సరికే కంచె సిద్ధంగా ఉంది. నిజాం ప్రధాని మీర్ లాయక్ అలీ 1950 మార్చిలో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరిన వైనం పుస్తకాలకెక్కింది. ఆయన వెనకా ముందూ వెళ్ళిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిరుద్యోగుల సంగతి ఎక్కడా ఎక్కలేదు. కరాచీలో నేటికీ హైదరాబాద్ కాలనీ ఉంది. పాతబస్తీలో అక్కను, కరాచీలో తమ్ముణ్ణి పెట్టుకుని రెండు తరాలు గడిపిన కుటుంబాలు ఉన్నాయి.

పాస్‌పోర్టు వచ్చాక చిక్కుముడి మరింత బిగిసింది. 1946 నాటి విదేశీయుల చట్టం దృష్టిలో కామన్వెల్త్ దేశమైన పాకిస్తాన్ పౌరుడు 1957 జనవరి దాకా విదేశీయుడే కాడు. ఆ చట్టాన్ని సవరించడంతో అప్పటికే ఇక్కడ ఉన్నవారు ఉన్నచోటనే విదేశీయులయ్యారు. 1956 నాటి పౌరసత్వ నియమావళి మరో దేశపు పాస్‌పోర్టు పొందడాన్ని ఆ దేశ పౌరసత్వం స్వీకరించినట్లు తిరుగులేని రుజువుగా పరిగణించింది. ఇంటికి రావడానికి వేరే దారిలేక ఆ పాస్‌పోర్టు తీసుకున్నామన్న మొర చెల్లలేదు. 1962లో ఇజ్‌హార్ అహ్మద్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని సమర్థించింది. అయితే అంతకు ఏడాది ముందు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో అదే న్యాయస్థానం ఒక రక్షణ కల్పించింది. భారతీయుడిగా పుట్టినవాడు పౌరసత్వం కోల్పోయాడో లేదో తేల్చవలసింది కేంద్ర ప్రభుత్వమని, ఆ నిర్ణయం లేకుండా అతణ్ణి విదేశీయుడిగా శిక్షించడం కుదరదని చెప్పింది.

పేరున్నవారికి దారి కొంత సుగమం. కసూర్‌లో పుట్టిన ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ విభజన తరవాత పాకిస్తాన్‌లో ఉండి, అక్కడ ఇమడలేక భారతదేశానికి వచ్చారు. మొరార్జీ దేశాయ్ చొరవతో 1957లో పౌరసత్వం పొందారు. 1968లో హైదరాబాద్ బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. ఆ దారికి ఆయన పేరే పెట్టుకున్నాం. మొరార్జీ దాకా మొర చేరని సామాన్యుడికి మిగిలింది పోలీసు కార్యాలయం, అక్కడి వరుస.

1965, 1971 యుద్ధాలు రాకపోకలను తెంచివేశాక, 1974 వీసా ఒప్పందం వాటిని పరిమితంగా పునరుద్ధరించింది. వీసా దేశానికి కాక నగరాలకు ఇచ్చారు. చేరిన చోట, బయలుదేరే చోట పోలీసులకు కనిపించాలి. ఈ నిఘా చట్రంలోనే దీర్ఘకాలిక వీసా స్థిరపడింది. అర్హులు స్థూలంగా నాలుగు తెగలు: పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌లలోని మైనారిటీ మతస్థులు; భారతీయులను పెళ్ళాడి ఇక్కడ కాపురముంటున్న పాకిస్తానీ, బంగ్లాదేశీ స్త్రీలు; అక్కడివారిని పెళ్ళాడి వెళ్ళి, వితంతువులై గాని విడాకులు పొంది గాని, అక్కడ ఆదుకునే మగదిక్కు లేక పుట్టింటికి వచ్చిన భారత సంతతి స్త్రీలు; అసాధారణమైన కరుణకు పాత్రులైనవారు. మూడో తెగ నిర్వచనాన్ని ఒకసారి మళ్ళీ చదవండి. కన్నవారింటికి తిరిగిరావాలంటే స్త్రీ తన నిస్సహాయతను రుజువు చేసుకోవాలి. భారతీయుణ్ణి పెళ్ళాడిన స్త్రీ పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే ఏడేళ్ళు ఇక్కడ నివసించాలి. అన్నాళ్ళూ ఆమె కాపురం వీసా పొడిగింపు మీద ఆధారపడి ఉంటుంది.

మొదటి తెగ కథ మరో రకం విషాదం. సింధ్ నుంచి రాజస్థాన్, గుజరాత్‌లకు తరలివచ్చిన హిందువులలో దళితులు, భిల్లుల వంటి ఆదివాసులు గణనీయంగా ఉన్నారు. ఏ దేశంలో బతకలేమని పారిపోయి వచ్చారో ఆ దేశపు పాస్‌పోర్టును పౌరసత్వం వచ్చేదాకా నిలుపుకోవడానికి ఢిల్లీలోని పాకిస్తాన్ హైకమిషన్ గడప తొక్కవలసి వచ్చింది. 2016లో కేంద్రం వీరికి బ్యాంకు ఖాతా, పాన్, ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, నివాసానికి ఒక ఇల్లు కొనుక్కునే వీలు కల్పించింది. అప్పటిదాకా అవి లేకుండానే ఇక్కడ బతికారన్న మాట.

పౌరసత్వ చట్టంలోకి మతం 2019లో ప్రవేశించిందని మనం తరచూ రాస్తుంటాం. చట్టం అక్షరాల వరకు అది నిజం. ఆచరణలో దీర్ఘకాలిక వీసా చాలాకాలం ముందునుంచే ఆ పని చేస్తున్నది. పాలకపక్షాలు మారినా అది కొనసాగింది. పీడితులకు ఆశ్రయమివ్వడం తప్పని నేను అనడం లేదు. జోధ్‌పూర్ శివారు గుడిసెల్లో ఏళ్ళ తరబడి ఎదురుచూసినవారికి పౌరసత్వం ఆలస్యంగా దక్కిన న్యాయమే. నా అభ్యంతరం మరొకటి. 1949లో మన రాజ్యాంగ నిర్మాతలు ఎంత కోపంగా వాదించుకున్నా, తిరిగి వచ్చే హక్కును సభలో, అందరి ఎదుట చర్చించారు, రాజ్యాంగంలో రాశారు. ఆ తరవాత మాత్రం ఆ విషయం హోంశాఖ మార్గదర్శకాలకు, అధికారి విచక్షణకు జారిపోయింది. 2025లో విదేశీయులకు సంబంధించిన నాలుగు పాత చట్టాలను రద్దుచేసి కొత్త చట్టం తెచ్చినప్పుడు దీన్ని సరిదిద్దే అవకాశం వచ్చింది. దీర్ఘకాలిక నివాసాన్ని దరఖాస్తుదారు అడిగి సాధించుకోగల హక్కుగా మలిచే ఆలోచన ఆ సందర్భంలో కూడా జరగలేదు.

దరఖాస్తుపై నిర్ణయానికి చట్టబద్ధమైన గడువు, తిరస్కరిస్తే కారణం, ఆ కారణంపై అప్పీలు, నిర్ణయం వెలువడే దాకా కుటుంబాన్ని విడదీయబోమన్న హామీ ఉండాలి. ఇవి దేశభద్రతకు అడ్డు కావు. ప్రమాదకారి అని తేలినవాణ్ణి పంపివేసే అధికారం ప్రభుత్వానికి ఎప్పుడూ ఉంది. పహల్గాం హంతకులు వీసా కోసం వరుసలో నిలబడినవారు కారు. ఆ వరుసలో ఉన్నది ఎక్కువగా పెళ్ళి చేసుకున్నవారు, ప్రాణం దక్కించుకుని వచ్చినవారు, పుట్టిన ఊరికి తిరిగిరావాలనుకున్నవారు. 1948లో పర్మిట్ కార్యాలయం ముందు నిలబడినవారూ ఇటువంటివారే.