శాసనానికి లొంగని ఉచ్చారణ

1887లో వార్సాలో లుడ్విక్ జామెన్‌హాఫ్ అనే నేత్రవైద్యుడు మారుపేరుతో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. భాషాభేదం జాతివైరాన్ని పెంచుతుందని నమ్మిన ఆయన, ఏ జాతికీ సొంతం కాని ఉమ్మడి భాషను అందులో ప్రతిపాదించాడు. అదే ఎస్పెరాంటో. 28 అక్షరాలు, అక్షరానికి ఒకే ధ్వని. 1905లో ఫ్రాన్స్‌లోని బులోన్‌లో సమావేశమైన తొలి ప్రపంచ మహాసభ, ఈ భాష మూల నియమాలను మార్చే హక్కు సృష్టికర్తకు సైతం లేదని ప్రకటించింది. మరి, ఇంత కట్టుదిట్టమైన భాషలోనూ సహజ భాషల్లో వలె ధ్వనులు మారతాయా?

సహజ భాషల్లో ధ్వని మార్పు ఎవరి అనుమతీ కోరదు. తొలినాటి తెలుగు శాసనాల్లో ‘చోఴ’ అని రాయడానికి ప్రత్యేకాక్షరం ఉండేది. ఆ ధ్వని ‘డ’గా మారి ‘చోడ’ మిగిలింది, అక్షరమూ అంతరించింది. శకటరేఫం ఉచ్చారణలో సాధారణ రేఫంలో కలిసిపోయింది. ఏ రాజూ వీటిని ఆజ్ఞాపించలేదు, ఏ వ్యాకర్తా ఆపలేకపోయాడు.

ఎస్పెరాంటోలో ఉర్దూ ‘ఖబర్’లోని ఖకారం వంటి కంఠధ్వని ఒకటుంది. అది చాలామందికి కష్టమైంది. రసాయనశాస్త్రానికి వాడిన ‘ఖెమియో’ పక్కన ‘కెమియో’ వచ్చి నిలిచింది. చైనీయుణ్ణి సూచించే ‘ఖీనో’ స్థానంలో ‘చీనో’ స్థిరపడింది. గాయకబృందం అనే అర్థమిచ్చే ‘ఖోరో’ మాత్రం మిగిలింది. ‘కోరో’ అంటే హృదయం కనుక, అక్కడ మారిస్తే అర్థాలు కలిసిపోతాయి. అక్షరాన్ని ఎవరూ రద్దు చేయలేదు. వాడుకే దాన్ని పక్కకు నెట్టింది.

అయితే ఇది సంపూర్ణ ధ్వనిపరిణామం కాదు. ఒక్కొక్క మాటగా జరిగిన సర్దుబాటు మాత్రమే. ఈ భాషను అత్యధికులు పెద్దయ్యాక పుస్తకాల ద్వారా నేర్చుకుంటారు; పలు దేశాల్లో చెదిరి ఉంటారు; ఉయ్యాల నుంచే నేర్చినవారు స్వల్పం. ఒకచోట కలిసి బతికే సమాజం, తరాల కొనసాగింపు లేనప్పుడు ముద్రిత నియమమే పైచేయి సాధిస్తుంది.

ఆ రెండూ దొరికితే ఏమవుతుందో హీబ్రూ చూపుతుంది. అది కృత్రిమ భాష కాదు, గ్రంథాల నుంచి మళ్లీ వాడుకలోకి తెచ్చిన భాష. ఎలియెజర్ బెన్ యెహూదా 1881లో జెరూసలేం చేరాక ఆ ఉద్యమం ఊపందుకున్నది. పెద్దలు ప్రాచ్య ఉచ్చారణను ఆదర్శంగా ఎంచుకున్నారు. కానీ ఐరోపా నుంచి వలస వచ్చినవారి నోట ‘అయిన్’ అనే కంఠధ్వని దాదాపు మాయమైంది. ‘హెత్’ మరో ధ్వనిలో కలిసిపోయింది. పలికినవారి పిల్లలకు ఆ ఉచ్చారణే మాతృభాష అయింది. పాత ధ్వనులను నిలుపుకున్న యెమెన్, ఇరాక్ యూదుల యాసే ‘వెనుకబాటు’కు గుర్తుగా చలామణీ అయింది. నియమం వారి పక్షాన ఉన్నా, సామాజిక బలం లేకపోయింది.

భారతదేశానికీ ఈ చరిత్ర వర్తిస్తుంది. రాజ్యాంగం 351వ అధికరణం హిందీ వ్యాప్తిని కేంద్రం విధిగా పేర్కొని, అవసరమైన పదాలను ప్రధానంగా సంస్కృతం నుంచి గ్రహించాలన్నది. పదకోశాలు తయారయ్యాయి. కాగా ‘మళ్లీ’ అనే అర్థంలో వాడే ‘ఫిర్’లోని ఒత్తు పకారం నేడు అనేకుల నోట ఇంగ్లీషు ‘ఫ్యాన్’లోని ధ్వనిగా వినిపిస్తున్నది, ‘జమీన్’లోని పారశీక జకారం చాలామందికి మామూలు జకారమే. ఏ సంఘమూ వీటిని సిఫార్సు చేయలేదు.

పదాలను, లిపిని, పాఠ్యపుస్తకాలను ప్రభుత్వాలు నిర్ణయించగలవు. ఉచ్చారణను తరాలే నిర్ణయిస్తాయి. అయితే మారిన వాటిలో ఏది ప్రామాణికం, ఏది నవ్వులపాలు అన్నది మాత్రం అధికారం ఎవరి చేతిలో ఉందన్న దానిపై ఆధారపడుతుంది. భాషావిధానం గురించి జరిగే చర్చల్లో తరచు విస్మృతమయ్యేది ఈ అంశమే.