ఇనాంగావ్ శిశువులు

పుణె మండలమున ఘోడ్ నదీతీరమున ఇనాంగావ్ అను గ్రామము గలదు. 1968 మొదలు 1983 వఱకు దక్కన్ కళాశాలవారు అచటి పాటిదిబ్బను త్రవ్విరి. మూడువేల యేండ్లనాఁటి యిండ్ల నేలక్రింద, నోటికి నోరు చేర్చిన రెండేసి కుండలలో పసిబిడ్డల యస్థులు బయల్పడినవి. బిడ్డను ఊరిబయటికిఁ బంపక యింటనే దాఁచుకొన్న తల్లుల మనస్సును వేఱుగ వర్ణింపనేల?

బిడ్డ వయస్సును దంతములు తెలుపును. ఎదుగుదలను తొడయెముక తెలుపును. ఈ రెంటిని సరిపోల్చి, గ్వెన్ రాబిన్స్ షుగ్ అను పరిశోధకురాలు 2011లో ఒక గ్రంథము ప్రకటించెను. ఊరు క్షీణించిన కాలపు బిడ్డలు వయస్సునకుఁ దగినంత యెదుగలేదని ఆమె నిరూపణము.

పాలపండ్లపైని పింగాణిపొర తల్లికడుపుననే యేర్పడ నారంభించును. తల్లికి తిండి కొఱవడినను, రోగము సోకినను ఆ పొరలో గుంట పడవచ్చును. విఱిగిన యెముక అతుకుకొనును గాని, ఆ గుంట యెన్నఁడును పూడదు.

క్రీ.పూ. 700 ప్రాంతమున ఆ యూరు పాడుపడెను.