సముద్రం దాటిన జ్వరం: మలేరియా నిర్ధారణలో ప్రయాణ ప్రస్తావన

విదేశం నుంచి తిరిగివచ్చిన వ్యక్తికి జ్వరం సోకితే వైద్యుడు ముందుగా అడిగే ప్రశ్న, ఎక్కడికి వెళ్లి వచ్చారని. జ్వర నిర్ధారణలో ఈ ప్రశ్న ప్రాధాన్యం పొందిన తీరు గమనించదగినది. ప్రాచీనులు జ్వరాన్ని ప్రధానంగా కాలాన్ని బట్టి గుర్తించారు. రోజు విడిచి రోజు వచ్చేదాన్ని తృతీయకమనీ, రెండు రోజులు విడిచి వచ్చేదాన్ని చతుర్థకమనీ ఆయుర్వేదం విషమజ్వరాలలో చేర్చింది. ఐరోపా వైద్యులదీ ఇదే లెక్క. తెలుగువారి వాడుకలోని 'మన్యం జ్వరం' అన్న మాటలో మాత్రం స్థలమే రోగానికి పేరయింది.

చైనా తీరంలోని అమోయ్‌లోనూ, హాంకాంగ్‌లోనూ చాలాకాలం వైద్యం చేసిన పాట్రిక్ మాన్సన్ 1892లో లండన్ నావికుల ఆసుపత్రిలో చేరాడు. లావెరాన్ 1880లో అల్జీరియాలో కనుగొన్న పరాన్నజీవులను ఆయన ఓడలు దిగివచ్చిన రోగుల రక్తంలో వెతికేవాడు. వాటి ఉనికినే శంకించిన రొనాల్డ్ రాస్ 1894లో భారతదేశం నుంచి సెలవుపై లండన్ వెళ్లినప్పుడు వాటిని ఆయనకు చూపినది మాన్సనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రాస్ దోమ కడుపు గోడలో ఆ జీవిని గుర్తించడానికి బీజం అక్కడ పడింది. సికింద్రాబాదు ఘట్టాన్ని విడిగా చెప్పుకునే అలవాటు వల్ల ఈ సంబంధం మరుగున పడుతూ ఉంటుంది.

అయితే 'ఉష్ణమండల వ్యాధి' అన్న పేరు కొంత భ్రమను కూడా కల్పించింది. ఇంగ్లండులోని కెంట్, ఎసెక్స్ చిత్తడి నేలల్లో చలిజ్వరం శతాబ్దాల పాటు స్థానికంగానే ఉండేది. 1900లో మాన్సన్ జరిపిన ప్రయోగం ఈ భ్రమను మరో విధంగా బయటపెట్టింది. రోమ్‌లో మలేరియా రోగులను కుట్టిన దోమలను లండన్‌కు తెప్పించి, వాటిచేత ఆయన తన కుమారుడు థర్బర్న్‌ను కుట్టించాడు. చైనాలో పుట్టినా పసితనం నుంచి ఇంగ్లండులోనే పెరిగిన ఆ వైద్యవిద్యార్థికి జ్వరం వచ్చింది. రక్తంలో పరాన్నజీవులు కనిపించాయి. ఇక్కడ ప్రయాణించినది రోగి కాదు, దోమ. ప్రయోగం సంగతి తెలియని వైద్యుడు ప్రయాణాన్ని గురించి అడిగి ఉంటే, ఆ యువకుడు చెప్పే నిజమే అతణ్ణి దారి తప్పించి ఉండేది. కన్నకొడుకుపై ఇటువంటి ప్రయోగం నేటి పరిశోధన నీతికి సమ్మతం కాదన్నది వేరే సంగతి.

క్వినైన్‌తో తగ్గిన ఆ జ్వరం తొమ్మిది నెలల తరువాత తిరగబెట్టింది. అంతకాలం పరాన్నజీవి ఎక్కడ దాగి ఉన్నదన్న ప్రశ్నకు చాలాకాలం సమాధానం దొరకలేదు. 1948లో షార్ట్, గార్న్‌హామ్‌లు కాలేయంలో దాని దశను నిరూపించారు. కాలేయకణాలలో నిద్రాణంగా ఉండిపోయే రూపం 1980ల ఆరంభంలో గాని తేటపడలేదు. దీనితో స్థలాన్ని గురించిన ప్రశ్నకు కాలం మళ్లీ వచ్చి చేరింది. వైవాక్స్ మలేరియాను శంకించే వైద్యుడు గత వారపు ప్రయాణంతో ఆగక ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించి వెనక్కి వెళ్లి అడుగుతాడు. గాజుపలకపై తీసిన మొదటి రక్తపు పూతలో ఏమీ కనిపించకపోయినా మళ్లీ తీయిస్తాడు.